సిద్ర్ – మన రేగుచెట్టు

గత వేసవిలో ఒక రాత్రి ఇషా నమాజు ముగిసిన కొంతసేపటికి మా వీధిలోని ఒక పెద్దావిడ మరణించారు. ఎండల తీవ్రత కారణంగా ఫజ్ర్ ముగిసిన వెంటనే జనాజా జరపాలని ఇంటివారు నిశ్చయించుకున్నారు. కఫన్ వస్త్రం, కర్పూరం, అత్తరు గంటలోపే సమకూరాయి. గుస్ల్ చేయించవలసిన స్త్రీలు కూడా వచ్చి కూర్చున్నారు. వారిలో పెద్దవారైన ఒక ఖాలా "బేరీ పత్తా ఏదీ?" అని అడిగారు. అప్పటికి గాని మాలో ఎవరికీ తోచలేదు, మా ఊరిలో ఒక్క రేగుచెట్టు కూడా మిగలలేదని.

ఒకప్పుడు ఉండేది. ఖబరస్తాన్ తూర్పు గోడ పక్కన, నా చిన్నతనం నుంచీ చూస్తున్న చెట్టు. జనాజాకు వచ్చినవారు నిలబడేందుకు రేకుల షెడ్డు వేయాలన్న తలంపుతో రెండేళ్ళ క్రితం దానిని కొట్టించాము. ఆ తీర్మానం మీద సంతకం చేసినవారిలో నేనూ ఒకడిని. ముళ్ళు రాలి పాదాలకు గుచ్చుకుంటున్నాయని ఎవరో అంటే, నిజమేనని తల ఊపినట్టు కూడా గుర్తున్నది.

కుర్రవాళ్ళు టార్చిలైట్లు పట్టుకొని నలుదిక్కులకూ వెళ్ళారు. ఒకడు కాలువ గట్టు మీది నుంచి ముళ్ళ కొమ్మ ఒకటి విరుచుకొచ్చాడు. చూస్తే అది సీమచింత. ముల్లున్నదంతా రేగేనని వాడి నమ్మకం. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడే. తప్పు వాడిది కాదు. వాడికి ఆ చెట్టును చూపించినవారు లేరు, చూపించేందుకు మేము చెట్టునూ ఉంచలేదు.

చివరకు రెండు మైళ్ళ అవతల యాపిల్ రేగు తోట వేసిన ఒక రైతుకు ఫోను చేశాము. ఆయన హిందూ సోదరుడు, మాకు ఎంతోకాలంగా పరిచయస్తుడు. "కాపు అయిపోయిందండీ, కొమ్మలన్నీ కత్తిరించేశానండీ, ఒక్క ఆకు లేదండీ" అన్నారు. మేము నిరాశపడి ఫోను పెట్టివేయబోతుండగా ఆయనే మళ్ళీ, "ఉండండి మౌల్వీగారూ, అంటు కింద నుంచి నాటు చిగుళ్ళు వస్తుంటాయి, పీకి పారేస్తుంటాం, అవి పనికొస్తాయేమో రండి" అన్నారు. రాత్రి పన్నెండు దాటిన తరువాత ఆయనే లుంగీ ఎగగట్టుకొని, చెట్టు చెట్టు మొదలునా వంగి, ఒక చిన్న సంచి నిండా ఆకు కోసి ఇచ్చారు. రూపాయి తీసుకోలేదు. "మా అమ్మ పోయినప్పుడు మీరంతా వచ్చి నిలబడలేదా" అన్నారు.

మరునాడు ఒక యువకుడు నన్ను అడిగాడు: "ఆకు దొరకకపోతే గుస్ల్ చెల్లేది కాదా మౌలానా?" చెల్లుతుంది. ఈ మాట ముందుగా స్పష్టం చేయడం అవసరం, ఎందుకంటే ఆకు దొరకలేదని ఖననాన్ని ఆలస్యం చేసిన సందర్భాలు కూడా నాకు తెలుసు. మయ్యిత్‌కు స్నానం చేయించడం విధి. ఆ నీటిలో రేగాకు కలపడం సున్నత్. ఆకు దొరకని పక్షంలో మామూలు నీరు చాలునని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు తేటతెల్లంగా చెబుతున్నాయి. సబ్బు వాడినా అభ్యంతరం లేదు. అయితే దొరికే అవకాశం ఉన్నప్పుడు దానిని చేజేతులా పోగొట్టుకోవడం వేరే సంగతి.

మహనీయ ప్రవక్త (స) కుమార్తె మరణించినప్పుడు ఆమెకు స్నానం చేయిస్తున్న స్త్రీలకు ఆయన ఇచ్చిన ఆదేశాన్ని ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖించారు. నీటితోనూ సిద్ర్‌తోనూ బేసి సంఖ్యలో, అంటే మూడుసార్లో అయిదుసార్లో, అవసరమనిపిస్తే అంతకన్నా ఎక్కువగానో కడగాలనీ, చివరిసారి కర్పూరం కలపాలనీ ఆ హదీసు సారాంశం. అరఫాత్ మైదానంలో ఒంటె మీది నుంచి పడి మరణించిన హాజీ విషయంలోనూ నీటితోనూ సిద్ర్‌తోనూ కడగాలన్న ఆదేశం ఉన్నదని ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. సిద్ర్ మృతులకు మాత్రమే పరిమితమని అనుకోకూడదు. కొత్తగా ఇస్లాం స్వీకరించిన ఖైస్ బిన్ ఆసిమ్ (రజి)ని నీటితోనూ సిద్ర్‌తోనూ స్నానం చేయమని ప్రవక్త (స) ఆదేశించారు. ఆనాటి అరబ్బుల ఇళ్ళలో అది మన కుంకుడుకాయ వంటిది.

ఆ పోలిక ఊరికే చెప్పినది కాదు. గుప్పెడు లేత రేగాకును రోటిలో నూరి, నీటిలో వేసి చేతితో గిలకొట్టి చూడండి. తెల్లని నురుగు వస్తుంది. కుంకుడులో ఉన్న సపోనిన్లనే పదార్థాలు ఈ ఆకులోనూ ఉన్నాయి. అవి జిడ్డును పట్టుకొని నీటితో పాటు తీసుకువెళతాయి. సబ్బు వలె చర్మాన్ని బిరుసెక్కించవు. మా అమ్మీ శీతాకాలంలో మాకు చుండ్రు పట్టినప్పుడు ఈ నురుగుతోనే తల రుద్దేవారు. కళ్ళలో పడితే కుంకుడంత మండదు, అదొక్కటే మాకు అప్పట్లో తెలిసిన శాస్త్రం.

ఇక చెట్టు సంగతి. వృక్షశాస్త్రజ్ఞులు మన రేగును జిజిఫస్ మారిషియానా అంటారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ 1789లో పెట్టిన పేరు అది. అరబ్బు దేశపు సిద్ర్ జిజిఫస్ స్పైనా క్రిస్టి అనే మరొక జాతి. రెండూ ఒకే కుటుంబానికి, ఒకే ప్రజాతికి చెందిన దగ్గరి చుట్టాలు. ఆకు తీరు, కాయ తీరు, నురుగు గుణం దాదాపు ఒకటే. అందుకే భారత ఉపఖండంలోని ఉలమాలు సిద్ర్ అన్నచోట బేరీ అని అర్థం చెప్పి, మన చెట్టునే వాడుతూ వచ్చారు. ఇదే ప్రజాతిలో మూడవది హకీముల 'ఉన్నాబ్'. ఎండిన ఎర్రని కాయల రూపంలో అత్తారు దుకాణంలో దొరుకుతుంది. దగ్గుకూ జలుబుకూ కాచే జోషాందాలో వేసేది, షర్బతె ఉన్నాబ్ తయారు చేసేది దానితోనే. అది చైనా వైపు రేగు. మన పెరటి రేగుపండు ఎండబెట్టి జోషాందాలో వేసి, గుణం కనిపించలేదని హకీమును నిందించడం తగదు. మన మెట్ట పొదలలో కనిపించే పరికి, గొట్టి కూడా ఈ వంశంలోనివే.

రేగును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఆకు గుండ్రంగా గాని కోలగా గాని ఉంటుంది. తొడిమ దగ్గర నుంచి మూడు ఈనెలు ఒకేచోట బయలుదేరి చివరి దాకా స్పష్టంగా సాగుతాయి. పైభాగం నున్నగా, నిగనిగలాడుతూ పచ్చగా ఉంటుంది. తిరగవేస్తే అడుగుభాగం బూడిద రాసినట్టు తెల్లగా, వేలికి మెత్తగా తగులుతుంది. ఆకు మొదట ముళ్ళు సాధారణంగా జంటగా ఉంటాయి, ఒకటి నిటారుగా, ఒకటి వెనక్కు వంగి కొక్కెం వలె. మనిషి చొక్కా పట్టుకొని వదలనిది ఈ రెండవదే. సీమచింతకూ జంట ముళ్ళే గాని రెండూ నిటారుగా ఉంటాయి, ఆకుకు ఈ మూడు ఈనెలు ఉండవు.

వర్షాకాలం చివర పచ్చపసుపు రంగులో, మిరియపు గింజ కన్నా పెద్దవి కాని పూలు ఆకుల సందులలో గుత్తులుగా పూస్తాయి. వాసన అంత ఇంపుగా ఉండదు. ఈగలూ తేనెటీగలూ మాత్రం విడిచిపెట్టవు. యెమెన్ దేశపు సిద్ర్ తేనె లోకప్రసిద్ధమైనది ఈ రకం పూల వల్లనే. చలికాలంలో కాయ పండుతుంది. మన ప్రాంతపు హిందూ సోదరులు భోగినాడు పసిపిల్లల తల మీద పోసే పళ్ళు ఇవే కాబట్టి, కాలం ఎప్పుడని వేరే చెప్పనక్కరలేదు. వేసవి రాగానే చెట్టు ఆకు రాల్చి విశ్రాంతి తీసుకుంటుంది. కాపు కొత్త కొమ్మలకే వస్తుంది గనుక తోటలవారు అదే సమయంలో కొమ్మలను మొండిగా నరుకుతారు. మేము అర్ధరాత్రి పడిన అవస్థకు సగం కారణం ఆ కాలమే.

తక్కిన సగం కారణం మన నేలది కూడా. రేగు మెట్టనేల బిడ్డ. నీటి ఎద్దడిని, చవుడును ఓర్చుకుంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయి, గోదావరి నీరు కాలువల గుండా డెల్టా అంతటా పారిన తరువాత ఇక్కడి భూమి వరికీ, కొబ్బరికీ, అరటికీ అంకితమైపోయింది. రేగుకు మిగిలినవి గట్లు, బంజర్లు, శ్మశానాలు, ఖబరస్తాన్లు. గట్లు రోడ్లైనాయి, బంజర్లు ఇళ్ళ స్థలాలైనాయి, పశ్చిమాన చెరువులైనాయి. ఖబరస్తాన్ల సంగతి పైన చెప్పాను.

ఆనకట్ట మాట వచ్చింది గనుక ఒక విషయం జ్ఞాపకం వస్తున్నది. దివ్యఖుర్ఆన్‌లో సిద్ర్ ప్రస్తావన నాలుగు ఆయతులలో ఉన్నది. నజ్మ్ సూరాలో రెండింటిలో, వాఖిఅ సూరాలో స్వర్గవనాల వర్ణనలో ముళ్ళులేని సిద్ర్‌గా, సబా సూరా పదహారవ ఆయతులో. ఈ చివరిది యెమెన్‌లోని సబా జాతి గాథ. వారి ఆనకట్ట తెగి, రెండు వైపులా ఉన్న తోటలు కొట్టుకుపోయిన తరువాత ఆ చోట మిగిలినవి చేదు కాయల చెట్లు, ఝావుక చెట్లు, కొద్దిపాటి సిద్ర్ చెట్లు. పాఠం చెప్పేటప్పుడు మా డెల్టా పిల్లలకు ఈ ఆయతును వేరుగా వివరించనవసరం లేదు. కాలువ కట్టేసిన ఏడాది పొలం ఎలా ఉంటుందో వారికి తెలుసు.

ఔషధ గుణాల గురించి వ్రాయమని పలువురు సోదరీమణులు అడుగుతుంటారు. ఆయుర్వేదంవారు కాయ పరిమాణాన్ని బట్టి సౌవీరం, కోలం, కర్కంధువు అని రేగును మూడుగా విభజించారు. మన గంగరేగు పెద్దరకం. ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) తమ తిబ్బె నబవీలో సిద్ర్ కాయ విరేచనాలను కట్టుతుందనీ, జీర్ణకోశానికి బలమనీ వ్రాశారు. ఇందులో ఆశ్చర్యం లేదు. చెట్టు బెరడులోనూ పచ్చికాయలోనూ వగరు పదార్థమైన టానిన్ ఎక్కువ. అది పేగు లోపలి పొరను బిగదీస్తుంది. మన పల్లెలలో బెరడు కషాయాన్ని నీళ్ళ విరేచనాలకు ఇచ్చేది ఈ కారణం చేతనే. కాని పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నప్పుడు ప్రాణం తీసేది ఒంట్లో నీరు తగ్గిపోవడం. బెరడు కషాయం ఆ నీటిని తిరిగి తేలేదు. మొదట ఓఆర్ఎస్ పాకెట్టు, తరువాతనే మిగిలినవి.

పండిన రేగులో విటమిన్ సి ఆపిల్ పండు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పేదవాడి ఆపిల్ అనే పేరు ఆ లెక్కన ఆపిల్‌కే గౌరవం. పండును కొరికే ముందు రెండుగా విప్పి చూడడం మాత్రం మరువకండి. కాయ ఈగ పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పురుగు లోపల ఉండడం మామూలే. పచ్చికాయ ఎక్కువగా తింటే గొంతు పట్టుకొని దగ్గు వస్తుందని పెద్దలు అనేవారు, మా మదరసా పిల్లలు ఏటా జనవరిలో ఆ మాటను నిరూపిస్తుంటారు. పండ్లను ఉప్పు, బెల్లం, ఎండుమిర్చి, జీలకర్రతో రోటిలో కచ్చాపచ్చాగా దంచి, బిళ్ళలుగా తట్టి ఎండబెట్టిన రేగొడియాలు నోటి రుచి చచ్చినప్పుడు నిజంగానే మేలు చేస్తాయి. షుగరు ఉన్నవారు అందులోని బెల్లాన్ని తలచుకోవాలి.

షుగరు మాట ఎత్తాను గనుక ఇంతకాలం వ్రాయకుండా దాచుకున్నది చెప్పివేస్తాను. మా చిన్న ఖాలాకు మధుమేహం ఉండేది. అయిదేళ్ళ క్రితం ఆమె కాలి బొటనవ్రేలి పక్కన చిన్న పుండు లేచింది. "ఏం పెట్టను బేటా?" అని నన్ను అడిగారు. రేగాకు నూరి పట్టు వేస్తే గడ్డలు మానుతాయని నేను చిన్నప్పటి నుంచీ విన్నాను, నాకూ ఒకసారి మానింది. అదే చెప్పాను. ఆమె మూడు వారాలు శ్రద్ధగా వేసుకున్నారు. నొప్పి లేదన్నారు, నేను సంతోషించాను. నొప్పి లేకపోవడమే ప్రమాద సూచన అని అప్పుడు నాకు తెలియదు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారి పాదాలలో నరాలు మొద్దుబారుతాయి, రక్తప్రసారం తగ్గుతుంది. పుండు లోపలికి ఎముక దాకా వెళ్ళినా పైకి తెలియదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి రెండు వ్రేళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఖాలా నన్ను ఒక్క మాట అనలేదు. "నీవు మంచికే చెప్పావు" అన్నారు. ఆ తరువాత ఆమె నమాజులో కుర్చీ మీద కూర్చున్నప్పుడల్లా నా దృష్టి ఆమె పాదం మీదికే వెళ్ళేది.

ఆకు చెడ్డదని నేను అనడం లేదు. సెగగడ్డకు, దురదకు, ఆరోగ్యవంతుడి చిన్న గాయానికి ఆ పట్టు తరతరాలుగా వాడినదే. షుగరు రోగి పాదానికి మాత్రం ఏ ఆకూ వద్దు, ఏ పసరూ వద్దు, నా వంటి మౌల్వీ సలహా అసలే వద్దు. అదే రోజు డాక్టరు చూడాలి.

రేగాకు నమిలితే షుగరు దిగిపోతుందని ఫోన్లలో తిరుగుతున్న మాట గురించి కూడా రెండు ముక్కలు. ఉన్నాబ్ చెట్టు ఆకును నమిలి పంచదార నోట్లో వేసుకుంటే కాసేపు తీపి తెలియదు. జిజిఫిన్ అనే పదార్థం నాలుక మీది తీపి రుచిని అణచివేస్తుంది. పొడపత్రి ఆకు కూడా ఇలాగే చేస్తుంది. చూసినవారికి ఇది అద్భుతంగా తోచడం సహజం. కాని తీపి నాలుకకు తెలియకపోయినంత మాత్రాన రక్తంలో చక్కెర తగ్గినట్టు కాదు. మాత్రలు మాని ఆకులు నమలుతున్నవారు మన జమాఅత్‌లోనే ఉన్నారు. వారి ఇంటివారు ఈ పేరాను వారికి చదివి వినిపిస్తే బాగుంటుంది.

చైనా వైద్యులు పుల్లరేగు గింజల పప్పును నిద్రపట్టనివారికి ఇస్తారు. రేగుచెట్టు మీద లక్క పురుగులను కూడా పెంచుతారు. మేకలు ఈ ఆకును ముళ్ళతో సహా ఎలా తింటాయో నాకు నేటికీ అర్థం కాదు. బక్రీదుకు ముందు మేకను తెచ్చుకొని కట్టివేసుకున్న ఇంటివారికి చెట్టు ఒకటి పెరట్లో ఉంటే మేతకు పరుగులు తప్పుతాయి.

సునన్ అబూదావూద్‌లో సిద్ర్ చెట్టును నరికినవారికి తీవ్రమైన హెచ్చరిక ఉన్న హదీసు ఒకటి ఉన్నది. ఎడారిలో బాటసారులకూ పశువులకూ నీడనిచ్చే చెట్టును ఏ హక్కూ లేకుండా, వృథాగా, అన్యాయంగా నరకడం గురించి అది చెప్పబడిందని ఇమామ్ అబూదావూద్ గారే వివరించారు. అవసరం కోసం సొంత చెట్టు కొట్టుకున్నవారికి అది వర్తించదు. మేము కొట్టించినది అవసరమా, వృథానా? షెడ్డు అవసరమే. అయితే పది అడుగులు పక్కకు జరిపి వేయడానికి చోటు ఉన్నది. ఆనాడు ఎవరమూ టేపు పట్టి కొలవలేదు.

గత నెల కమిటీ కూర్చున్నది. గోడ మూలన మళ్ళీ రేగు నాటాలన్న దానికి అందరూ ఒప్పుకున్నారు, ఏ మొక్క అన్న దాని మీద చర్చ జరిగింది. కడియం, కడియపులంక నర్సరీలు మనకు దగ్గరలోనే ఉన్నాయి గనుక ముళ్ళు తక్కువగా ఉన్న యాపిల్ రేగు అంటు తెద్దామని యువకులు అన్నారు. దాని ఆకు గుస్ల్‌కు పనికిరాదని ఒక పెద్దాయన వాదించారు. పనికివస్తుంది, అదీ రేగే, ఆ ఆకూ నురుగు ఇస్తుంది. నా అభ్యంతరం వేరు. అంటుమొక్క కాయ కోసం ఏటా కత్తిరింపు కోరుతుంది, మందు కోరుతుంది, కాపలా కోరుతుంది. ఖబరస్తాన్‌లో ఇవన్నీ చేసేవారెవరు? నాటురేగు ఒకసారి వేరూనితే మనలను మరిచిపోయి బతుకుతుంది. చివరకు గింజ నుంచే పెంచాలని తేలింది.

చేయదలచినవారి కోసం పద్ధతి చెబుతాను. బాగా పండిన పండ్ల గింజలు కడిగి ఆరబెట్టండి. ఉప్పునీటిలో వేసి తేలినవాటిని పారేయండి. టెంక చాలా గట్టిది. అలాగే పాతితే మొలక నెల దాటినా రాకపోవచ్చు. రాతి మీద నిలబెట్టి సుత్తితో మెల్లగా తట్టి పగలగొడితే లోపల సాధారణంగా రెండు పప్పులుంటాయి. వాటిని ఒక రాత్రి నానబెట్టి నాటితే వారం పది రోజులలో మొలుస్తాయి. తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది, కాబట్టి పొడవైన పాలిథిన్ సంచిలో నాటి, మొక్క జానెడు ఎదగగానే నేలలోకి మార్చాలి. ఆలస్యమైతే వేరు తెగి చస్తుంది. వాన నీరు నిలిచేచోట కాక మెరక మీద, దారికి పది అడుగుల దూరంలో నాటండి. ముళ్ళ ఫిర్యాదు అప్పుడు రాదు. మొదటి రెండేళ్ళు మేకల నుంచి కంచె తప్పదు.

చెట్టు ఎదిగే దాకా ఒక ఏర్పాటు. చలికాలంలో ఎక్కడ రేగు కనిపించినా యజమానిని అడిగి ముదురు కానీ ఆకు కోసుకొచ్చి, నీడలో ఎండబెట్టి, పొడి కొట్టి, మూత బిగువైన డబ్బాలో పెట్టుకోవాలి. తడి తగలకపోతే ఏడాది నిలుస్తుంది. మా మసీదులో మయ్యిత్ బల్ల ఉన్న గదిలో ఇప్పుడు రెండు డబ్బాలు ఉన్నాయి. ఒకటి స్త్రీలు వచ్చి తీసుకువెళ్ళడానికి. పొడి అయితే ఒక స్నానానికి రెండు గుప్పెళ్ళు చాలును. గోరువెచ్చని నీటిలో కలిపి నురుగు వచ్చేదాకా గిలకొట్టాలి.

పిల్లల చేత నలభై గింజలు కొట్టిస్తే పదిహేడు మొలిచాయి. సీమచింత తెచ్చిన ఆ కుర్రవాడే వాటికి నీళ్ళు పోస్తున్నాడు, మూడు ఈనెలు లెక్కపెట్టి చూపించడం కూడా నేర్చుకున్నాడు. ఒకటి ఖబరస్తాన్‌కు, ఒకటి ఆ రాత్రి ఆకు ఇచ్చిన రైతు గారు తమ గట్టు మీద వేస్తామన్నారు గనుక ఆయనకు. మిగిలిన పదిహేను సంచులు మదరసా వరండాలో ఉత్తరం వైపు ఉన్నాయి. కావలసిన మసీదు కమిటీలవారు ఏ రోజైనా అసర్ తరువాత వచ్చి తీసుకువెళ్ళవచ్చును.